'హై జాలీ' కాదు, హాజీ అలీ



మా ఆపా కొడుకు అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న జనవరిలో కారులో లాస్ ఏంజెలెస్ వెళ్తూ, దారిలో ఓ చిన్న ఊళ్లో ఆగి ఫ్యామిలీ గ్రూపులో ఫోటో పెట్టాడు. ఎడారి మధ్య కబ్రస్తాన్. అందులో రంగురంగుల రాళ్లతో కట్టిన చిన్న పిరమిడ్. దాని నెత్తిన లోహపు రేకుతో చేసిన ఒంటె బొమ్మ. కింద వాడు రాసిన మాటలు: "మామూ, ఇది హాజీ అలీ అనే ఆయన ఖబ్ర్. నిలబడి ఫాతెహా చదివాను. ఈ ఊరివాళ్లు ఈయన పేరు మీద ఏటా పరేడ్ చేస్తారు. కానీ పేరు హాజీ అలీ అని కాదు, 'హై జాలీ' అంటారు."

ఇంట్లో పిల్లలు పడీపడీ నవ్వారు. మా చిన్నది రాత్రంతా "హై జాలీ, హై జాలీ" అని పాట కట్టుకుని తిరిగింది. అబద్ధమెందుకు, నేనూ నవ్వాను. ఇషా నమాజ్ అయ్యాక ఆ మనిషి ఎవరా అని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నవ్వు పోయింది. ఆ రాత్రి మా దాదా యాదికొచ్చాడు. ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు ఆ ఊరి సంగతి. పేరు క్వార్ట్‌జ్‌సైట్. కాలిఫోర్నియా సరిహద్దుకు దగ్గర్లో, పెద్ద హైవే పక్కనే ఉంటుంది. సొంత జనాభా రెండు మూడు వేలు. ఎండాకాలం నిప్పుల కొలిమి. చలికాలం వస్తే మాత్రం ఊరు మారిపోతుంది. మంచు పడే రాష్ట్రాల నుంచి రిటైరైన మియాబీబీలు ఇల్లులాంటి పెద్ద బళ్లు వేసుకుని లక్షల్లో దిగుతారు. రంగురాళ్లు, ఖనిజాల మేలాలు జరుగుతాయి. ఆ సీజన్‌లోనే, జనవరిలో, 'హై జాలీ డేజ్' పరేడ్. 'డేస్' అంటే రోజులు. స్పెల్లింగ్ కొంచెం మార్చి, కళ్లు తిరిగే మైకం అని అర్థమొచ్చే మాట చేసుకున్నారు. అంటే పేరులోనే రెండు చమత్కారాలు. ఒకటి మనిషి పేరు మీద, రెండోది పండుగ పేరు మీద.

అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఇలాంటి జులూస్ లేని చిన్న ఊరు అరుదు. ఒకచోట కౌబాయ్‌లు, ఒకచోట బంగారు గనుల కార్మికులు, ఇంకోచోట బండ్ల మీద వలసొచ్చిన కుటుంబాలు. ఏడాదికోసారి గుర్రాలు, పాత కార్లు, ఫైరింజన్లు, అలంకరించిన బండ్లు మెయిన్ రోడ్డు మీద సాగిపోతాయి. "మేమెవరం, మా పెద్దలు ఎవరు" అని ఊరు తనకు తాను చెప్పుకునే రోజు అది. మన ఊళ్లలో ఉర్సు నాడు సందల్ బయలుదేరితే ఊరంతా రోడ్డు మీద నిలబడుతుంది కదా, మనసులో మెదిలేది అదే. కాబట్టి ఆ జులూస్‌లో ఎవరి పేరు వినిపిస్తోంది, ఎలా వినిపిస్తోంది అన్నది చిన్న మాట కాదు.

ఇక ఆ మనిషి. 1850లలో అమెరికా సైన్యానికి ఒక ముష్కిల్ వచ్చింది. మెక్సికోతో యుద్ధం తర్వాత పడమట విశాలమైన ఎడారి చేతికొచ్చింది. అక్కడ కంచర గాడిదలు నీళ్లు లేక పడిపోతున్నాయి. అప్పటి యుద్ధ మంత్రి జెఫర్సన్ డేవిస్ "ఒంటెలు తెప్పిద్దాం" అన్నాడు. 1855లో వాళ్ల పార్లమెంటు అందుకు 30,000 డాలర్లు మంజూరు చేసింది. 'సప్లై' అనే ఓడ మధ్యధరా సముద్రంలో ట్యునీషియా, ఈజిప్టు, టర్కీ రేవులు తిరిగి, 1856 మే నెలలో టెక్సాస్‌లోని ఇండియనోలా రేవులో 34 ఒంటెల్ని దించింది. మరుసటి ఏడాది ఇంకో 41 వచ్చాయి.

ఒంటెల్ని కొనొచ్చు. కానీ వాటికి బరువు కట్టడం, వాటి కోపం కనిపెట్టడం, జబ్బు పోల్చడం డబ్బుతో రావు. అందుకే వాటితోపాటు మనుషుల్నీ తెచ్చారు. అలా వచ్చినవాడే హాజీ అలీ. పుట్టుక 1828 ప్రాంతంలో, షామ్ దేశంలో అంటారు. అంటే నేటి సిరియా వైపు.

1857లో ఎడ్వర్డ్ బీల్ అనే అధికారి న్యూమెక్సికో నుంచి కొలరాడో నది దాకా బండ్ల దారి కొలవడానికి బయలుదేరాడు. వెంట 25 ఒంటెలు, వాటిని నడిపించేవాళ్లలో అలీ. ఆ ఒంటెలు కంచర గాడిదల కన్నా ఎక్కువ బరువు మోసి, తక్కువ నీళ్లతో సరిపెట్టుకున్నాయి. బీల్ వాటిని ఎంతో మెచ్చుకున్నాడు. ఆ దారి వెంటే తర్వాత రైలు పట్టాలు పడ్డాయి. ఆ తర్వాత పాటల్లో, సినిమాల్లో పేరుపడ్డ 'రూట్ 66' రోడ్డు కూడా చాలావరకు ఆ బాటనే పట్టింది. అమెరికా తన గుండెకాయ అని చెప్పుకునే రోడ్డు మీద తొలి అడుగుల్లో ఒక హాజీ సాబ్ అడుగులున్నాయన్నమాట.

తర్వాత నసీబ్ తిరగబడింది. ఒంటెల వాసనకు గుర్రాలు బెదిరేవి. సిపాయిలకు వాటి మొండితనం నచ్చలేదు. 1861లో ఉత్తర దక్షిణ రాష్ట్రాల మధ్య యుద్ధం వచ్చాక ఒంటెల్ని పట్టించుకునేవాళ్లే లేరు. కాలిఫోర్నియాలో ఉన్నవాటిని 1864లో వేలం వేసేశారు. అలీ కొన్నింటితో సొంతంగా సరుకు రవాణా పెట్టుకున్నాడు. సాగలేదు. తన ఒంటెల్ని ఎడారిలోకి వదిలేశాడంటారు. ఆ తర్వాత సైన్యానికి కంచర గాడిదల మీద సామాను చేరవేసే పని చేశాడు. 1880లో అమెరికా పౌరుడయ్యాడు. కాగితాల మీద పేరు ఫిలిప్ టెడ్రో. అదే ఏడాది టూసాన్ పట్నంలో ఓ మెక్సికన్ కుటుంబం అమ్మాయిని పెళ్లాడాడు. ఇద్దరు కూతుళ్లు. చివరి రోజులు గనుల వేటలో, ఈ ఊరి చుట్టుపక్కలే గడిచాయి. సర్కారు పెన్షన్ కోసం అర్జీ పెట్టుకున్నా దక్కలేదని ఆయన కథ రాసినవాళ్లు చెప్తారు. 1902లో గరీబుగానే పోయాడు. ఇసుక తుఫానులో ఒంటె మెడ కౌగిలించుకుని ప్రాణం వదిలాడని ఓ దాస్తాన్ కూడా ఉంది. దాస్తాన్ ఎప్పుడూ మనిషి ఆకలి కన్నా అందంగా ఉంటుంది.

ఆయన పోయిన 33 ఏళ్లకు, 1935లో, అరిజోనా హైవే శాఖ ఆ ఖబ్ర్ మీద పిరమిడ్ కట్టించింది. షామ్ మనిషికి మిస్ర్ పిరమిడ్ ఎందుకో అడగకండి. తూర్పువాళ్లంటే వాళ్లకు అంతా ఒకటే. శిలాఫలకం మీద ఏముందో చూడండి: పేరు 'హై జాలీ', పుట్టింది సిరియాలో ఎక్కడో ఒకచోట, చేసిన పనులు ఒంటెలు నడపడం, సామాను మోయించడం, దారి చూపడం, 30 ఏళ్లకు పైగా అమెరికా సర్కారుకు వఫాదార్‌గా ఖిద్మత్. బతికుండగా పెన్షన్‌కి పనికిరాని ఖిద్మత్, చచ్చాక రాతి మీద చెక్కడానికి పనికొచ్చింది.

ఇక్కడే నా ఏతరాజ్ ఉంది. అది 'నోరు తిరగక అన్నారు' అన్నదాని మీద కాదు. నోరు తిరగకపోవడం గునాహ్ కాదు. మన ఊళ్లలో పీర్ల పండుగ నాడు హసన్, హుసేన్ పేర్లు ఎన్ని రకాలుగా పలుకుతారో అందరికీ తెలుసు. నిప్పుల గుండం చుట్టూ తిరిగే రైతన్న నోట ఆ పేరు వంకరపోయినా అందులో మొహబ్బత్ ఉంటుంది. మా దాదీ ఎప్పుడూ వాళ్లని సరిదిద్దేది కాదు. "పిలుపు వంకరైనా పిలిచే దిల్ సీదాగా ఉందా లేదా చూడరా" అనేది.

కానీ 'హై జాలీ' సంగతి వేరు. 'జాలీ' అంటే ఇంగ్లీషులో సరదా, హుషారు. పేరు వింటేనే నవ్వొస్తుంది, అందుకే మిగిలింది. ఆ పేరుతో మనిషి కాస్తా తమాషా అయిపోయాడు. 1976లో ఆ ఒంటెల దళం మీద 'హాంప్స్!' అనే సినిమా వచ్చింది. అది కూడా కామెడీయే. ఎడారిలో దాహంతో వందల మైళ్లు నడిచినవాడు, రెండు పేర్ల మధ్య, రెండు దేశాల మధ్య చితికినవాడు, ముసలితనంలో సర్కారు గడప దగ్గర చేయి చాచినవాడు ఆ పేరులో కనిపించడు. ఒంటె మీద నవ్వే బొమ్మ కనిపిస్తుంది.

పైగా 'హాజీ' అన్నది పేరు కూడా కాదు, ఇజ్జత్. హజ్ చేసొచ్చిన మనిషికి సమాజం పెట్టే కిరీటం. ఆ కాలంలో హజ్ అంటే నెలల తరబడి ప్రయాణం. ఆ కిరీటమే అక్కడ జోకు అయింది. 2003 తర్వాత ఇరాక్ వెళ్లిన అమెరికా సిపాయిలు అక్కడి జనాన్ని 'హాజీ' అని తిట్టుమాటగా పిలిచేవాళ్లని వాళ్ల పత్రికలే రాశాయి. ఒకే మాట ఒకచోట పండుగ, ఇంకోచోట తిట్టు. రెండుచోట్లా దాని మానీ ఏమిటో అడిగినవాళ్లు తక్కువ.

ఇంకో సంగతి. ఆ పరేడ్‌లలో తలెత్తుకుని సాగే గుర్రపు స్వారీ ఉందే, దాని మూలం వెతికినా మనకు దూరం కాదు. అమెరికా కౌబాయ్ తన విద్యను మెక్సికో పశువుల కాపరుల దగ్గర నేర్చాడు. వాళ్లకు స్పెయిన్ నుంచి వచ్చింది. స్పెయిన్‌కు రికాబులు పొట్టిగా కట్టి, మోకాళ్లు వంచి స్వారీ చేసే పద్ధతి ఉత్తర ఆఫ్రికా ముసల్మానుల నుంచి వచ్చింది. స్పానిష్‌లో గుర్రపు రౌతుని 'హినెతె' అంటారు. ఆ మాట జనాతా అనే బర్బర్ కబీలా పేరు నుంచి పుట్టింది. ఇది గొప్పలు పోవడానికి చెప్పడం లేదు. 'వెస్టర్న్ హెరిటేజ్' అని పిలిచే ఆ దస్తర్‌ఖాన్ మీద ఎన్నో చేతుల వంట ఉందని చెప్పడానికే. హాజీ అలీ ఆ జులూస్‌లో మెహమాన్ కాదు, ఘర్‌వాలా.

సరే, ఇన్సాఫ్‌గా రెండో వైపు కూడా చూడాలి. క్వార్ట్‌జ్‌సైట్ వాళ్ల మీద నాకు కోపం లేదు. నిజానికి షుక్రియా ఉంది. ఆలోచించండి. ఓ గరీబు పర్దేసీ, కాగితాల మీద ఒక పేరు, నోళ్లలో ఇంకో పేరు. వారసులు దగ్గర్లేరు. అలాంటి మనిషి ఖబ్ర్ ఎడారిలో పదేళ్లు నిలవదు. ఆ ఊరు దాన్ని నిలబెట్టింది. రాళ్లు ఏరి కట్టింది. ఏటా జనవరిలో యాది చేసుకుంటోంది. వేల మంది ముసాఫిర్‌లు ఆగి చూసి పోతున్నారు. వాళ్లు వంకరగానైనా ఆ పేరు నిలపకపోతే మా మేనల్లుడు ఆ రోజు అక్కడ ఫాతెహా చదివేవాడే కాదు.

పండుగ తన తప్పు తాను దిద్దుకోవచ్చు కూడా. ఆరెగన్ రాష్ట్రంలో పెండిల్టన్ అనే చిన్న ఊరుంది. అక్కడ 1910 నుంచి 'రౌండప్' అనే పెద్ద గుర్రాల పండుగ, పరేడ్ జరుగుతాయి. 1911లో పొగరు గుర్రాల పోటీలో జార్జ్ ఫ్లెచర్ అనే నల్లజాతి రౌతు జనం మనసు గెలిచాడు. న్యాయనిర్ణేతలు మొదటి బహుమతి తెల్లవాడికిచ్చారు. ఇది సహించలేక అక్కడి షెరీఫ్ ఫ్లెచర్ టోపీ తీసుకుని, ముక్కలు చేసి, ఒక్కో ముక్క జనానికి అమ్మి ఆ డబ్బు అతనికే ఇచ్చాడు. నూరేళ్లు దాటాక, 2014లో, ఆ ఊరి మెయిన్ స్ట్రీట్‌లో ఫ్లెచర్ కంచు విగ్రహం నిలబెట్టారు. తన పూరా పేరుతో. ఓ ఊరు అది చేయగలిగినప్పుడు, ఇంకో ఊరు ఏడాదికోసారి మైకులో "మనం హై జాలీ అని పిలుచుకునే ఈయన అసలు పేరు హాజీ అలీ, హాజీ అంటే మక్కా వెళ్లొచ్చినవాడు" అని ఒక్క మాట చెప్పలేదా? ముద్దుపేరు తీసేయమని నేననడం లేదు. పక్కన అసలు పేరు నిలబెట్టమంటున్నాను.

"ఆయన నిజంగా ముసల్మానేనా? టెడ్రో అన్న పేరు ఉందిగా?" అని ఒకరిద్దరు భాయ్‌లు అడిగారు. పుట్టుకతో క్రైస్తవుడని, తర్వాత ఈమాన్ తెచ్చుకుని హజ్ చేశాడని కొందరు రాస్తారు. పౌరసత్వం నాడు మళ్లీ ఎందుకు ఆ పేరు రాయించుకున్నాడో, గుండెలో ఏముందో అల్లాహ్‌కే ఎరుక. తుర్కీ టోపీ పెట్టి ఫలానా కౌమ్ వాడని నేను దావా వేయను. నాకు కావలసింది అది కాదు. ఒక మనిషికి తన పూరా కథ హక్కుగా రావాలి. పేరు మార్చుకోవాల్సి రావడం కూడా ఆ కథలో భాగమే. ఆ దేశంలో ఆఫీసు కోసం పేరు కత్తిరించుకున్న మన పిల్లలకు ఆ భాగం బాగా అర్థమవుతుంది. మా మేనల్లుడిని ఆఫీసులో 'మో' అంటారు. మొహమ్మద్ అన్న నామ్‌లో మొదటి అక్షరం మిగిలింది. వాడు ఆ ఖబ్ర్ ముందు ఎందుకు అంతసేపు నిలబడ్డాడో నాకిప్పుడు తెలుస్తోంది.

ఇక మా దాదా సంగతి. ఆయన తెనాలి రైల్వే స్టేషన్ దగ్గర జట్కా నడిపేవాడు. నలభై ఏళ్లు. రాత్రి బండి దిగిన బాలింతల్ని డబ్బు తీసుకోకుండా ఇంటి దగ్గర దించేవాడని ఇప్పటికీ ముసలివాళ్లు చెప్తారు. ఓసారి నేను ఆ వీధికి వెళ్లి ఆయన పేరు చెప్పి అడిగాను. ఎవరికీ తెలియలేదు. "జట్కా సాయిబు మనవడిని" అన్నాను. అంతే, కుర్చీ వేశారు, టీ తెప్పించారు, ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. సాయిబు అన్న మాట కూడా 'సాహెబ్' నుంచి వచ్చిందే. హాజీ లాగే అదీ ఇజ్జత్. మన దగ్గర అది జట్కా సాయిబు, దూది సాయిబు, సోడా సాయిబు అయింది. ప్రేమ లేదని కాదు. ప్రేమ ఉంది. పేరు లేదు.

దానికి వీధివాళ్లని తప్పుపట్టడానికి నోరొచ్చే ముందు నాకు నేనే సవాల్ వేసుకున్నాను. దాదా ఖబ్ర్ ఎక్కడ? తెనాలి కబ్రస్తాన్‌లో వేపచెట్టు వైపు అని అబ్బా చెప్పేవారు. అబ్బా పోయారు. వేపచెట్టు కూడా పోయింది. ఇప్పుడు నేను వెళ్తే ఏ మట్టి ముందు నిలబడాలో తెలియదు. పక్కా ఖబ్ర్ కట్టడం మన దీన్ అడగలేదు, నిజమే. ఖబ్ర్‌ల జియారత్ మాత్రం నేర్పింది. ఓ రాయి పెట్టి గుర్తుంచుకోవడాన్ని ఎవరు ఆపారు? దాదా నాన్న పేరేమిటి? నాకు తెలియదు. మా పిల్లలకు నేనే సరిగ్గా తెలియను. ఎక్కడో అమెరికా ఎడారిలో పరాయివాళ్లు ఓ ఒంటెలవాడిని 90 ఏళ్లుగా కాపాడుతున్నారు, పేరు తప్పు పలుకుతూనే. పేరు సరిగ్గా పలకగల మనం మన వాళ్లని రెండు తరాల్లో పోగొట్టుకున్నాం. ఎవరి గునాహ్ పెద్దది?

అందుకే నాదొక నసీహత్, ముందు నాకు, తర్వాత మీకు. అరిజోనాలో, కాలిఫోర్నియాలో ఉన్న మన పిల్లలు వీలైతే జనవరిలో ఆ పరేడ్‌కి వెళ్లండి. కోపంతో కాదు, కుటుంబంతో. అడిగి, ఇజాజత్ తీసుకుని, వరుసలో నడవండి. చేతిలో 'హాజీ అలీ' అని రాసిన ఓ బోర్డు చాలు. పక్కవాడు "ఇదేంటి?" అని అడుగుతాడు. చెప్పండి. ఓ పేరు ఊళ్లోకి అలాగే తిరిగి వస్తుంది.

ఇక్కడున్నవాళ్లం ఈ ఆదివారం ఇంట్లో ముసలివాళ్ల పక్కన కూర్చుందాం. నానా, దాదా, వాళ్ల అబ్బాల పేర్లు, ఊళ్లు, పనులు అడిగి రాసుకుందాం. అవి అమానత్. సాయంత్రం కబ్రస్తాన్‌కి పిల్లల్ని వెంటబెట్టుకెళ్లి "ఇదిగో, మీ పర్‌దాదా ఇక్కడ" అని వేలుపెట్టి చూపిద్దాం. చూపించగలిగేవాళ్లు అదృష్టవంతులు.

నేను దాదా పేరు ఇక్కడ రాయను. అది మా ఇంటి అమానత్. నిన్న మగ్రిబ్ తర్వాత మా చిన్నదాని నోట్‌బుక్‌లో పూరా పేరు రాశాను, తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. అది కూడబలుక్కుని రెండూ చదివింది. తర్వాత ఫోన్‌లో ఆ పిరమిడ్ ఫోటో తీసి, ఒంటె మీద వేలు పెట్టి, "అబ్బా, ఈయన హాజీ అలీ కదా" అంది. నవ్వలేదు.

అల్లాహ్ ఆ ముసాఫిర్‌కి, మన పెద్దలందరికీ మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.